ఎడమ అంచున ఇద్దరు

మార్చి పదకొండో తారీఖు పొద్దున్న ఏలూరులో ఒక అద్దాల బిల్డింగుకి నేను ఫోటోలు తీశాను. అదే రోజు పదకొండున్నరకి అదే బిల్డింగు రెండో అంతస్తు పరంజా మీద నుంచి నా భర్త సుమంత్ కింద పడ్డాడు. అప్పటికి నేను తాడేపల్లిగూడెం బస్సులో ఉన్నాను. గుండుగొలను దాటాక ఫోనొచ్చింది. దిగి, రోడ్డు దాటి, ఇంకో బస్సు పట్టుకుని వెనక్కి వెళ్ళేసరికి ఆస్పత్రిలో అంతా అయిపోయింది.

ఆ వేసవిలో ఎవరు పలకరించడానికొచ్చినా ఈ నాలుగు ముక్కలే చెప్పాను. ఒక్క మాట అటూ ఇటూ కాకుండా చెప్పేదాన్ని. వచ్చినవాళ్ళు కళ్ళు తుడుచుకునేవారు. నేను వాళ్ళకి మంచినీళ్ళిచ్చేదాన్ని.

"ఏడవాలమ్మా గీతా, లోపల పెట్టుకోకూడదు" అని మా పెద్దమ్మ నా వీపు నిమిరింది.

లోపల ఏమైనా ఉంటే కదా పెట్టుకోవడం, అనుకున్నాను. పంటి డాక్టరు ఇంజెక్షన్ చేశాక దవడ తడుముకుంటే మనది కానట్టుంటుంది. నాకు ఒళ్ళంతా అలాగే ఉండేది. కుక్కర్ ఆవిరి చేతికి తగిలి బొబ్బ లేచింది. లేచిందని సాయంత్రం చూసుకున్నాను.

సుమంత్ అద్దాలు బిగించే పనివాడు. భీమవరం, గూడెం, ఏలూరు, ఎక్కడ కొత్త షోరూము లేచినా కాంట్రాక్టరు పిలిస్తే వెళ్ళేవాడు. నేను గూడెంలో ఒక స్టూడియోలో పెళ్ళి ఆల్బములు డిజైన్ చేస్తాను. సొంత కెమెరా ఉంది కాబట్టి షాపులకీ, నర్సింగ్ హోములకీ ప్రకటనల ఫోటోలు విడిగా తీస్తాను. ఏలూరు బిల్డింగు ఫోటోల పని నాకు ఇప్పించింది సుమంతే. "అద్దం నేను పెడతా, ఫోటో నువ్వు తియ్యి" అన్నాడు.

తను పోయాక ఇంట్లో నేనూ, మా అత్తగారు వెంకటనరసమ్మగారూ మిగిలాం.

పదకొండో రోజున కాంట్రాక్టరు వచ్చాడు. తెల్ల చొక్కా, చేతిలో పళ్ళ సంచి. వెనకాల ఎలీయాజరు. సుమంత్‌తో మూడేళ్ళుగా జంటగా పనిచేసిన మనిషి, నలభై దాటిన వయసు, కొల్లేటి లంకల్లో ఊరు. కాంట్రాక్టరు కుర్చీలో కూర్చున్నాడు. ఎలీయాజరు గేటు దగ్గరే ఆగిపోయి, చెప్పులు విప్పాడు గానీ లోపలికి రాలేదు.

"సేఫ్టీ బెల్టులు ఇద్దరికీ ఇచ్చామండి" అన్నాడు కాంట్రాక్టరు మా అత్తగారితో. "ఉక్కగా ఉందని మీవాడు వేసుకోలేదు. ఒక్క ఐదు నిమిషాల పని కదా అనుకున్నాడు. ఏం చేస్తామండి, రాత."

అత్తగారు ఆయన్ని చూడలేదు. గేటు వైపు చూశారు. "నువ్వు అక్కడే ఉన్నావా బాబూ?"

జవాబు కాంట్రాక్టరే చెప్పాడు. "అతను కిందున్నాడండి. అద్దాలు అతికే సిలికాన్ ట్యూబులు తేవడానికి దిగాడు."

ఎలీయాజరు తల ఊపాడు. ఎవరికీ కనపడనంత చిన్నగా.

"వినేవాడు కాదండి" అన్నారు అత్తగారు. "చిన్నప్పట్నుంచీ అంతే. చెప్తే వినేవాడు కాదు."

ఆ రోజు నుంచి ఆవిడ కొడుకుని తిట్టడం మొదలుపెట్టారు. పొద్దున్న మజ్జిగ చిలుకుతూ తిట్టేవారు. వాడి చొక్కాలు మడత పెడుతూ తిట్టేవారు. హెల్మెట్ కొనిస్తే హ్యాండిల్‌కి తగిలించుకు తిరిగేవాడని, టెన్త్‌లో గోదావరి కాలవలోకి వంతెన మీద నుంచి దూకాడని, గణపవరం దగ్గర మా పొలం చేపల చెరువుకి ఇచ్చేటప్పుడు ఒక్కడే పడవేసుకుని చెరువు మధ్యకి పోయాడని. అన్నీ వరసపెట్టి తవ్వి తీసేవారు. చివరికి ఎప్పుడూ ఒక్కచోటికే వచ్చేవారు.

"ఒక బెల్టు పెట్టుకోడానికి ఏం నొప్పొచ్చింది? నువ్వు చెప్పలేదా అమ్మాయ్ వాడికి?"

"చెప్పానండి అత్తయ్యగారూ."

చెప్పానో లేదో నాకు గుర్తులేదు. అలా అంటే ఆవిడ ఆపుతారని అనేదాన్ని. నిజానికి నేనూ ఆ మాటే నమ్మాను. ఉక్కపోతకి ఓర్చుకోలేక నన్ను వదిలేసి పోయాడని. కోపం రావాలి కదా అని ఎదురుచూశాను. అదీ రాలేదు.

ఏప్రిల్ సగంలో శ్రీరంగనాయకులుగారు ఫోన్ చేశారు. ఆ బిల్డింగు ఆయనది. మెయిన్ బజారులో మూడు తరాల బట్టల వ్యాపారం. వీధికి ఒక పక్క తాతగారు కట్టిన పాత కొట్టు, పైన చిన్న మేడ, చెక్క వరండా, గచ్చు పువ్వులు చెక్కిన పిట్టగోడ. దానికి సరిగ్గా ఎదురుగా ఈ కొత్త షోరూము. కొత్త కొట్టు అద్దంలో పాత కొట్టు కనపడేట్టు ఒక ఫోటో కావాలి, ఓపెనింగ్‌కి వేసే కార్డు మీద అదే ఉండాలి, అన్నది ఆయన కోరిక.

"ఇబ్బంది పెడుతున్నాననుకోకమ్మా" అన్నారు. ఆయన గొంతు ఎప్పుడూ మెత్తగానే ఉంటుంది. "జ్యేష్ఠమాసంలో ముహూర్తం పెట్టించాం. ద్వారకా తిరుమలలో మొదటి కార్డు స్వామివారి దగ్గర పెట్టి మొదలెట్టాలి. నువ్వు ఆ రోజు తీసినవి ఏవైనా ఉంటే పంపుతావా? లేదంటే చెప్పు, ఇంకెవర్నైనా చూసుకుంటాను."

"ఉన్నాయండి. పంపుతాను."

కెమెరా బ్యాగు మార్చి పదకొండున ఎలా పెట్టానో అలాగే బీరువా పక్కనుంది. మెమరీ కార్డు తీసి స్టూడియో కంప్యూటర్లో పెట్టాను. ఇరవై రెండు ఫోటోలు. అన్నీ పాత కొట్టు మేడ వరండాలోంచి తీసినవి. వెలుతురు సరిగా లేదు. కొత్త బిల్డింగు తూర్పు ముఖం. పొద్దున్న ఎండంతా అద్దం మీదే పడి, దాంట్లో పాత కొట్టు మసకగా వచ్చింది. సాయంత్రమైతే ఎండ పాత కొట్టు మీద పడుతుంది, అద్దం నీడలో ఉంటుంది, అప్పుడు బొమ్మ దిట్టంగా కనపడుతుంది. సాయంత్రం మళ్ళీ రావాలని ఆ రోజు అనుకున్నాను కూడా. ఉన్నవాట్లో మెరుగైనది ఒకటి ఏరి నాయకులుగారికి పంపాను.

గంటలో ఫోన్. "బాగుందమ్మా. కాకపోతే అడ్డం వచ్చినవి కొన్ని ఉన్నాయి. అవి తీసేయచ్చంటగా కంప్యూటర్లో?"

"ఏమేం తీయాలో చెప్పండి."

ఆయన చెప్పారు, నేను కాగితం మీద రాసుకున్నాను. కరెంటు తీగలు. వీధి చివర పుట్టినరోజు ఫ్లెక్సీ. అద్దంలో కనపడే మోటారు సైకిళ్ళు. అద్దం వెనకాల లోపల నిలబెట్టిన సిమెంటు బస్తాలు. కెమెరా పట్టుకున్న నేను. "ఇంకా, ఎడం పక్క చివర్న పరంజా ముక్క పడింది చూడు, పచ్చ వల. అది కూడా. ఓపెనింగ్ కార్డు మీద పరంజా ఎందుకు."

ఆ పని నాకు ఊపిరి పీల్చినంత సులువు. పెళ్ళి ఫోటోల్లో మండపం వెనక నిలబడ్డ ప్లేట్లవాళ్ళని ఎంతమందిని చెరిపానో లెక్కలేదు. తీగలు ఒక్కొక్కటే చెరిపి, ఆకాశం అతికాను. ఫ్లెక్సీ పోయింది. బస్తాలు పోయాయి. అద్దం మధ్యలో మొహానికి కెమెరా అడ్డం పెట్టుకుని నిలబడ్డ ఆడమనిషిని చెరిపి, వెనకున్న చెక్క తలుపు మళ్ళీ కట్టాను. బయట ఎవరిదో పెళ్ళి ఊరేగింపు ట్రయల్ సౌండు పెడుతున్నారు. మోటారు సైకిళ్ళు అయ్యాయి. ఎడమ అంచుకి వచ్చాను.

ఆ బిల్డింగు ఎల్ అక్షరంలా ఉంటుంది. వీధి ముఖం గోడకి ఎడం పక్కన ఇంకో గోడ ముందుకి పొడుచుకొస్తుంది. ఆ పక్క గోడకి అప్పటికే అద్దం బిగించేశారు. ముఖం గోడకి పని నడుస్తోంది, అక్కడ పరంజా, దానికి వీధి వైపు పచ్చ వల కట్టారు. వీధిలోంచి చూస్తే వల తప్ప మనుషులు కనపడరు. కానీ పక్క గోడ అద్దంలో ఆ వల వెనక భాగం కనపడుతోంది. చెరపాలంటే దగ్గరికి లాక్కోవాలి. లాగాను.

ఇద్దరు మనుషులు. పరంజా చెక్క మీద పక్కపక్కన నిలబడి ఒక అద్దాన్ని రెండు చేతులతో ఎత్తి పట్టుకున్నారు. ఎండ వాళ్ళ మీద సూటిగా పడుతోంది. కుడివైపు మనిషి ఎలీయాజరు. భుజాల మీద నుంచి ఛాతీకి అడ్డంగా నారింజ రంగు బెల్టు, వెనకనుంచి తాడు పైన ఇనపగొట్టానికి. ఎడమవైపు సుమంత్. నీలం గళ్ళ చొక్కా. బెల్టు లేదు. తాడు లేదు. అద్దాన్ని చూస్తూ ఏదో అంటున్నట్టున్నాడు, నోరు కొంచెం తెరుచుకుని ఉంది.

ఫోటో టైము తొమ్మిది గంటల ఎనిమిది నిమిషాలు.

నా చెయ్యి మౌసు మీదే ఉంది. చెరిపే బ్రష్ గుండ్రం సుమంత్ భుజం మీద ఆగి ఉంది. దాన్ని పక్కకి జరిపాను. తర్వాత పరంజా మొత్తం వెతికాను, గొట్టం గొట్టం. ఇంకో తాడు ఎక్కడైనా వేలాడుతోందా, ఇంకో బెల్టు ఎక్కడైనా తగిలించి ఉందా అని. మిగతా ఇరవై ఒక్క ఫోటోలూ అలాగే వెతికాను. ఒక్కటే బెల్టు.

నాయకులుగారికి ఫోన్ చేశాను. "ఎడం పక్కది తీయలేనండి. మళ్ళీ వచ్చి కొత్తగా తీస్తాను."

"ఎందుకమ్మా, కుదర్లేదా?"

"అందులో మా ఆయన ఉన్నారండి."

అటువైపు ఫ్యాన్ చప్పుడు వినపడింది. "ఏమీ అనుకోకమ్మా" అన్నారు. "పరంజా అనే చూశాను. మనుషుల్ని చూడలేదు. నీ వీలు చూసుకునే రా. ముహూర్తం సంగతి నేను చూసుకుంటాను."

అత్తగారికి ఏమీ చెప్పలేదు. చెప్తే ఏమవుతుంది? బెల్టు వేసుకోలేదన్న మాటకి నా ఫోటోయే సాక్ష్యం. కాంట్రాక్టరు చూస్తే ఫ్రేము కట్టించుకుంటాడు. రెండో బెల్టు అసలు ఉందా లేదా అన్నది చెప్పగలిగిన మనిషి ఒక్కడే.

మర్నాడు స్టూడియోకి సెలవు పెట్టి గుండుగొలనులో బస్సు దిగాను. అక్కణ్ణుంచి లంకల వైపు ఆటో. రోడ్డుకి రెండు పక్కలా చేపల చెరువులే, ఎండకి నీళ్ళు రేకులా మెరుస్తున్నాయి. గట్ల మీద గూడబాతులు బారులు తీరి కూర్చున్నాయి. ఆటో అతను ఎలీయాజరు పేరు చెప్పగానే, "అద్దాల ఎలీయాజరా అండి? పైకెక్కే పని మానేశాడు. ఇప్పుడు చేపల పేకింగ్ షెడ్డులో చేస్తున్నాడు" అని అక్కడే దింపాడు.

షెడ్డులో ఐసు మిల్లు చప్పుడు. ఎలీయాజరు మోకాళ్ళ దాకా లుంగీ కట్టుకుని పారతో ఐసు తోడి డబ్బాల్లో పోస్తున్నాడు. నన్ను చూసి పార అలాగే పట్టుకుని నిలబడిపోయాడు.

"ఇంటికి రండమ్మా" అన్నాడు. "ఇక్కడ మాట వినపడదు."

ఇల్లు దగ్గరే. ఆయన భార్య సువర్ణ బయట చాప వేసి, స్టీలు గ్లాసుతో నీళ్ళు తెచ్చింది. నేను ఫోన్ తీసి ఫోటో చూపించాను. పెద్దది చేసి ఎడమ అంచు దగ్గర ఆపాను. ఎలీయాజరు తడి చేతులు లుంగీకి తుడుచుకుని ఫోన్ అందుకున్నాడు. చాలాసేపు చూశాడు.

"మీరు ఎవరికైనా చూపించారా అండి?"

"లేదండి. మిమ్మల్ని ఒక్క మాట అడుగుదామని వచ్చాను. ఇంకో బెల్టు ఉందా?"

ఆయన తల అడ్డంగా ఊపాడు.

"సంక్రాంతికి ముందే రెండోదాని బకిల్ ఊడిపోయిందండి. కాంట్రాక్టర్ని అడిగాం. తెస్తానన్నాడు. ఇంకో రెండుసార్లు అడిగాం." ఫోన్ నాకు తిరిగి ఇచ్చేశాడు. "రోజు మార్చి రోజు వేసుకునేవాళ్ళం. ఒక రోజు నేను, ఒక రోజు సుమంత్. ఆ రోజు నా వంతండి."

సువర్ణ గుమ్మంలో నిలబడి వింటోంది. ఇది ఆవిడకీ కొత్తే అని మొహం చూస్తే తెలిసింది.

"మరి మీరు కిందున్నారని కాంట్రాక్టరు..." అన్నాను.

"పక్కనే ఉన్నానమ్మా. అద్దం ఒక చివర నాది, ఒక చివర సుమంత్‌ది. గాలి విసురొకటి వచ్చింది. అద్దం తిరిగింది. నన్ను తాడు ఆపింది." లుంగీ అంచు పట్టుకు పిండాడు. "నువ్వేసుకో ఇవాళ, అని ఒక్క మాట అనుంటే బాగుండేది. అనలేదు. వంతు కదా అని ఊరుకున్నాను. ఆ సాయంత్రం ఒక కాగితం తెచ్చి సంతకం పెట్టమన్నారు. ఏముందో చదవకుండానే పెట్టేశానండి. చదవకపోయినా ఏముందో తెలుసు."

గ్లాసులో నీళ్ళు తాగేశాను. చల్లగా ఉన్నాయి.

"ఆ కాగితం మార్చుకోవచ్చండి" అన్నాను. "లేబర్ ఆఫీసులో చెప్తే రాసుకుంటారట. మీరు చెప్పాలని నేను అడగట్లేదు. మా అత్తయ్యగారు రోజూ సుమంత్‌ని తిడుతున్నారు. ఆవిడకైతే చెప్పాలి."

సువర్ణ అప్పుడు మాట్లాడింది. "నెల పైనుంచి సరిగా అన్నం తినట్లేదమ్మా. నేను జ్వరమనుకుంటున్నాను."

ఎలీయాజరు లేచి చెప్పులు వేసుకున్నాడు. ఆటో దాకా వచ్చి నన్ను ఎక్కించాడు.

ఆ సాయంత్రం అత్తగారు వంటింట్లో మావిడికాయలు తరుగుతున్నారు. ఆవకాయకి కాదు, ఆ ఏడు మా ఇంట్లో ఆవకాయ లేదు. పప్పులోకి. నేను ఎదురుగా కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పాను. ఫోటో చూపించబోతే వద్దన్నారు.

"వంతా?" అన్నారు.

"అవునండి. రోజు మార్చి రోజు."

"ఆ రోజు ఎవరిది?"

"అతనిదండి."

ఆవిడ కత్తిపీట మీద చెయ్యి ఆపారు. తర్వాత ఉన్న కాయ మొత్తం తరిగారు. ఇంకోటి తీసి దాన్నీ తరిగారు. ఇద్దరికి అంత పప్పు ఎందుకని నేను అడగలేదు. ఆ రాత్రి గానీ, మర్నాడు పొద్దున్న మజ్జిగ దగ్గర గానీ సుమంత్‌ని తిట్టిన మాట వినపడలేదు. ఇల్లు మరీ నిశ్శబ్దంగా అయిపోయింది. ఆ తిట్లే ఇన్నాళ్ళూ ఇంట్లో తను ఉన్నట్టు చేశాయని అప్పుడు తెలిసింది.

ఆదివారం ప్రార్థన అయ్యాక ఎలీయాజరే వచ్చాడు. తెల్లచొక్కా, చేతిలో ఏమీ లేదు. ఈసారి కూడా గేటు దగ్గరే నిలబడ్డాడు. అత్తగారు బయటికి వెళ్ళారు. నేను గుమ్మంలో ఉన్నాను.

"ఆ రోజు నీ వంతేనా బాబూ?"

"నా వంతేనండి."

"మర్నాడు?"

"మర్నాడు సుమంత్‌దండి."

ఎండలో ఇద్దరూ అలాగే నిలబడ్డారు. ఎదురింటి వాళ్ళు బట్టలు ఆరేస్తూ ఇటు చూస్తున్నారు.

"లోపలికొచ్చి కూర్చో" అన్నారు అత్తగారు. "గీతా, అతనికి అన్నం పెట్టు."

ఆయన తిన్నాడు. మధ్యలో రెండుసార్లు ఆగిపోయాడు. అత్తగారు ఎదురుగా కూర్చుని, ఆగినప్పుడల్లా పులుసు గిన్నె అటు జరిపారు. చెయ్యి కడుక్కున్నాక, "ఆఫీసుకి ఎప్పుడెళ్దామండి?" అని నన్నడిగాడు.

మే ఆఖరివారంలో ముగ్గురం ఏలూరు వెళ్ళాం. లేబర్ ఆఫీసులో మేడమ్ చిన్న వయసు మనిషే. ఎలీయాజరు చెప్పింది మొత్తం టైపు చేయించి, పైకి చదివి వినిపించి, అప్పుడు సంతకం పెట్టించుకున్నారు. ఆయన ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదువుకునే పెట్టాడు. తర్వాత ఫోటో ప్రింటు తీసి నా ముందు పెట్టారు.

"ఇది తీసింది మీరేనా?"

"నేనేనండి."

"తీసేటప్పుడు మీ ఆయన ఆ పరంజా మీద ఉన్నట్టు మీకు తెలుసా?"

"తెలుసండి. పొద్దున్న బస్సులో ఇద్దరం కలిసే వచ్చాం."

"మరి బెల్టు లేకపోవడం అప్పుడు గమనించలేదా?"

"తనని చూడలేదండి" అన్నాను. "అద్దంలో పాత కొట్టు బొమ్మ సరిగా పడుతుందా లేదా అని చూస్తున్నాను."

మేడమ్ తలెత్తి నన్ను చూసి, మళ్ళీ వంచుకుని అదీ రాసుకున్నారు. నేను చెప్పినట్టే రాశారు. సంతకం పెట్టడానికి పెన్ను తీసుకుంటే పెన్ను జారిపోయింది. తీసి పెడితే మళ్ళీ జారింది. మార్చి నుంచి ఆ చెయ్యి నా మాట వినకపోవడం అదే మొదలు. అత్తగారు నా మోచెయ్యి కింద చెయ్యి ఆనించి పట్టుకున్నారు. అలా సంతకం పెట్టాను.

కాంట్రాక్టరు మీద విచారణ మొదలైంది, ఇంకా నడుస్తోంది. బెల్టు ఇచ్చినా వేసుకోలేదన్న మాట మాత్రం ఆ ఫైల్లో ఇప్పుడు ఒంటరిగా లేదు, దాని కిందే ఎలీయాజరు మాట ఉంది.

ఆఫీసులోంచి బయటికొచ్చేసరికి మూడున్నర. "ఆ బిల్డింగు ఎటు?" అన్నారు అత్తగారు. ఇన్నాళ్ళూ ఆ వీధి పేరెత్తితేనే లేచి వెళ్ళిపోయిన మనిషి. ఎలాగూ ఆ సాయంత్రం ఫోటో తీస్తానని నాయకులుగారికి చెప్పి ఉన్నాను. ఆటోలో ముగ్గురం మెయిన్ బజారుకి వెళ్ళాం.

నాయకులుగారు పాత కొట్టు ముందు నిలబడి ఉన్నారు. అత్తగార్ని చూసి రెండు చేతులూ జోడించారు. కుర్రాళ్ళ చేత మేడ మీదికి కుర్చీ వేయించారు. అడ్డం వచ్చేవన్నీ ఈసారి ముందే తీయించాను. కొట్టు ముందు మోటారు సైకిళ్ళు పక్క సందులోకి పంపారు. షోరూము లోపల లైట్లు ఆర్పించి, తెరలు దింపించాను, లేకపోతే అద్దంలోంచి లోపలి బొమ్మలు బయటికి కనపడతాయి. తీగల్ని ఏమీ చేయలేం. అవి ఇంటికెళ్ళాక చూసుకోవాలి.

వరండాలో ట్రైపాడ్ నిలబెట్టి, నేనూ కెమెరా అద్దంలో కనపడకుండా ముందు నల్ల గుడ్డ కట్టాను. లెన్సు పట్టేంత కంత ఉంచాను. మెరుపు తగ్గించే ఫిల్టరు బిగించి మెల్లగా తిప్పాను. కొంచెం తిప్పితే అద్దం మీద తెల్లటి మెరుపు పోతుంది. ఎక్కువ తిప్పితే కొట్టు బొమ్మ కూడా పోతుంది. మధ్యలో ఎక్కడో ఆపాలి. ఫోకస్ అద్దం మీద పెట్టకూడదు, అద్దంలో ఉన్నదాని మీద పెట్టాలి. పెట్టాను. నాలుగున్నరకి ఎండ పాత కొట్టు మీదికొచ్చింది. ఎదురుగా అద్దంలో చెక్క వరండా, దాని మీద పిట్టగోడ, గచ్చు పువ్వులు ఒక్కొక్కటీ విడివిడిగా తేలాయి.

అత్తగారు కుర్చీలో కూర్చోలేదు. వరండా చివర కటకటాలు పట్టుకుని నిలబడ్డారు. ఎలీయాజరు ఆవిడ పక్కన.

"మావాడు పెట్టినవేవి?"

"కింద అంతస్తూ, మొదటి అంతస్తూ మొత్తం మావేనమ్మా. రెండోదాంట్లో ఎడం వైపు నుంచి కొన్ని. మిగతావి తర్వాత ఎవరో పెట్టారు."

"అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. ఎలా తెలుస్తుంది?"

"ఆ అద్దంలో పిట్టగోడ గీత చూడండి" అన్నాడు ఎలీయాజరు వేలు చాపి. "అద్దం అద్దానికీ దాటుకుంటూ వెళ్తోంది కదండి. ఎక్కడిదాకా విరక్కుండా వెళ్ళిందో అక్కడిదాకా మేం పెట్టినవి."

నేను నల్లగుడ్డ వెనక నుంచి చూశాను. నిజమే. రెండో అంతస్తులో ఎడం నుంచి పిట్టగోడ అంచు దారం పట్టినట్టు వచ్చింది. ఐదో అద్దం దగ్గర ఒక వేలెడు కిందికి జారింది. ఆరో దాంట్లో మళ్ళీ పైకి లేచింది. అక్కణ్ణుంచి చివరిదాకా మెట్లు మెట్లుగా విరిగిపోయింది.

అత్తగారు కళ్ళజోడు తీసి, చీర చెంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. వేలు గాల్లో ఒక్కో అద్దం మీద ఆనిస్తూ వెళ్ళి ఆగారు.

"నాలుగు" అన్నారు.

"నాలుగేనండి."

ఆవిడ ఇంకా చూస్తూనే ఉన్నారు. కింద వీధిలో ఎవరో హారన్ కొట్టారు.

"తిన్నగానే పెట్టాడు" అన్నారు.

ఒక సామాన్ల ఆటో అద్దంలోకి వచ్చి, కింద అంతస్తు అంతా దాటుకుంటూ వెళ్ళింది. అది పూర్తిగా పోయేదాకా ఆగి, నేను నొక్కాను.